నిద్రపుచ్చిన యంత్రం మేలుకోకపోతే

2020 మే 20. ఆనాటి సాయంకాలం బంగాళాఖాతం నుంచి వచ్చిన అంఫన్ తుపాను సుందరవనాల సమీపంలో తీరం దాటి, కోల్‌కతా నగరాన్ని గడగడలాడించింది. చెట్లు వేళ్లతో సహా కూలాయి. విద్యుత్తు తీగలు తెగాయి. దమ్‌దమ్ విమానాశ్రయంలోకి నీరు చేరింది. నగరంలో పలుచోట్ల కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది. దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉన్న కాలమది. నగరానికి తూర్పు అంచున, రాజర్‌హాట్ పొలాల మీద వెలసిన న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ సంస్థల అద్దాల మేడలు చాలావరకు నిర్మానుష్యంగా ఉన్నాయి. వాటిలో పనిచేసేవారు అద్దె ఇళ్లలో, భోజనాల బల్లల మీద, ఆఫీసు పనులు సాగిస్తున్నారు.

అటువంటి ఒక ఇంట్లో ఒక యువతిని ఊహించుకొందాం. ఆమెది శ్రీకాకుళం జిల్లా, పలాస ప్రాంతం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేయడం కళ్లారా చూసింది. కనుక గాలి తీరు మారినప్పుడు ఏమి చేయాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. బిందెలలో నీళ్లు పట్టి ఉంచింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె చేతికందే చోట పెట్టుకొన్నది. మిగిలింది లాప్‌టాప్. అందులో ఒక వర్చువల్ మెషీన్. దానిలో పదకొండు రోజుల పని.

కరెంటు పోయింది. బ్యాటరీలో గంటకు మించి బలం లేదు. తెరచి ఉంచిన పనులన్నింటినీ ఉన్నవి ఉన్నట్టుగా భద్రపరచాలనుకొని ఆమె 'సస్పెండ్' అనే మీట నొక్కింది. ఆ విండో మసకబారింది. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత సగం దాకా నడిచి ఆగిపోయింది. రెండు నిమిషాలైంది, మూడైంది. మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పుడేమి చేయాలి? యంత్రాన్ని బలవంతంగా ఆపివేయాలా? వేచి ఉండాలా? ఈ అమ్మాయి కల్పితమే కావచ్చు. ఆ తుపానూ, యంత్రానికి వచ్చే ఈ జబ్బూ కల్పితాలు కావు. కంప్యూటరు వాడేవారిలో ఎందరికో ఏదో ఒకనాడు ఎదురయ్యే ఈ చిక్కును విప్పాలంటే, ముందుగా ఆ యంత్రం తీరు తెలుసుకోవాలి.

ఇంటిలో ఇల్లు

భారతదేశంలో మొదటి డిజిటల్ కంప్యూటరు అడుగుపెట్టింది కోల్‌కతాలోనే. 1950ల నడుమ బ్రిటన్ నుంచి తెప్పించిన హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రాన్ని, మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతిష్ఠించారు. 1966లో అదే సంస్థ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఐ.ఎస్.ఐ.జె.యు. అనే స్వదేశీ కంప్యూటరును రూపొందించింది. ఆ తొలి యంత్రాలు ఒకసారి ఒక పనినే చేసేవి; మిగిలినవారు తమ వంతు కోసం కాచుకొని ఉండవలసినదే.

ఒక ఖరీదైన యంత్రాన్ని పలువురికి పంచి ఇస్తూనే, ప్రతివారికీ 'ఇదంతా నా ఒక్కడిదే' అనే భ్రమ కల్పించడం ఎలాగ అన్న ఆలోచన 1960లలో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధకులకు కలిగింది. ఆ కృషి ఫలితమే 1972లో ఆ సంస్థ ప్రకటించిన వి.ఎం./370. అసలు యంత్రానికి ఏయే లక్షణాలుంటే దాని మీద ఇటువంటి కల్పిత యంత్రాలను సరిగా నడపవచ్చునో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు 1974లో నిర్వచించారు. చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లకు ఆ లక్షణాలు పూర్తిగా లేవు. ఆ లోటును సాఫ్ట్‌వేరు ఉపాయంతో అధిగమించి, 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ మరుసటి సంవత్సరం తన మొదటి ఉత్పత్తిని విడుదల చేసింది. 2005, 2006లలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు ఆ సౌకర్యాన్ని ప్రాసెసర్లలోనే అమర్చాయి. 2007 నాటికి లినక్స్‌లో కె.వి.ఎం., అందరికీ ఉచితంగా వర్చువల్‌బాక్స్ అందుబాటులోకి వచ్చాయి.

ఈ ఏర్పాటులో రెండు పాత్రలుంటాయి. అసలు కంప్యూటరు ఆతిథేయి, వాడుకలో 'హోస్ట్'. దానిలో నడిచే కల్పిత యంత్రం అతిథి, వాడుకలో 'గెస్ట్'. ఈ అతిథికి తాను అతిథినని తెలియదు. తనకొక ప్రాసెసరు, తనకొక డిస్కు, తనకొక తెర ఉన్నాయనే అది నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టే సూత్రధారి 'హైపర్‌వైజర్' అనే సాఫ్ట్‌వేరు. అతిథి డిస్కు అనుకొనేది ఆతిథేయి డిస్కులో ఒక పెద్ద ఫైలు. తెర అనుకొనేది ఒక విండో. ఈ మాయ సవ్యంగా సాగినంతకాలం చిక్కులేదు. మాయను ఉన్నపళాన ఆపి, తరువాత ఆపిన చోటినుంచే తిరిగి మొదలుపెట్టమన్నప్పుడు చిక్కులు తలెత్తుతాయి.

మూడు రకాల నిద్ర

'సస్పెండ్ చేస్తే బిగుసుకుపోయింది' అని ఎవరైనా అన్నప్పుడు, అనుభవజ్ఞులు వేసే మొదటి ప్రశ్న, 'ఎవరు నిద్రపోయారు?' అని. ఎందుకంటే ఇక్కడ మూడు వేర్వేరు నిద్రలున్నాయి.

మొదటిది ఆతిథేయి నిద్ర. లాప్‌టాప్ మూత మూయగానే అసలు కంప్యూటరే కన్నుమూస్తుంది. దానితోపాటు అతిథి కూడా ఉన్నచోటనే ఆగిపోతుంది. రెండవది అతిథి తనంతట తాను పోయే నిద్ర. ఎవరూ మీటలు నొక్కడం లేదని గమనించి, విద్యుత్తు ఆదా చేయాలనే సదుద్దేశంతో, కల్పిత యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్ తెర నల్లబరచి పడుకొంటుంది. ఆదా అయ్యే విద్యుత్తు ఇంచుమించు ఏమీ లేదన్న సంగతి దానికి తెలియదు గదా! మూడవది హైపర్‌వైజర్ పుచ్చే నిద్ర. ఇందులో అతిథి స్థితినంతా డిస్కు మీద ఒక ఫైలుగా రాసి, ఆ తరువాత దానిని నిలిపివేస్తారు.

ఈ మూడింటిలో దేని పరిహారం దానిదే. రెండవ రకానికి మందు సులభం. మౌసు కదిలించినా, మీట నొక్కినా లేవకపోతే, కొన్ని హైపర్‌వైజర్లలో అతిథిని మేలుకొలిపే ఆదేశం విడిగా ఉంటుంది. అటుపిమ్మట అతిథి అమరికలలోకి వెళ్లి, నిద్రపోయే వ్యవధిని 'ఎన్నడూ వద్దు' అని మార్చితే ఆ జబ్బు మళ్లీ రాదు. చిక్కంతా రెండు నిద్రలు ఒకదానిపై ఒకటి పడినప్పుడే. హైపర్‌వైజర్ ఇంకా రాస్తుండగా, పని అయిపోయిందనుకొని మూత మూసేవారు ఎందరో! సగం రాసిన ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించినట్టే అది.

రాయడానికి పట్టే కాలం

సస్పెండ్ మీట నొక్కగానే హైపర్‌వైజర్ నాలుగు పనులు వరుసగా చేస్తుంది. అతిథిలో దాని సహాయక ప్రోగ్రాము ఉంటే, నిద్రకు సిద్ధం కమ్మని దానికి కబురు పెడుతుంది. ప్రాసెసరును ఆపుతుంది. డిస్కుకు, నెట్‌వర్కుకు అప్పటికే పంపిన పనులు పూర్తయ్యే దాకా ఆగుతుంది. చివరకు జ్ఞాపకశక్తినంతా, అంటే ర్యామ్‌ను, పరికరాల స్థితితో సహా ఫైలుగా రాస్తుంది.

చాలా సందర్భాలలో 'బిగుసుకుపోయింది' అనుకొనేది నిజానికి ఈ నాలుగో పనే. లెక్క చూద్దాం. అతిథికి 8 జి.బి. ర్యామ్ కేటాయించినట్లయితే, అది 8,192 మెగాబైట్లు. నిమిషాల మాట అటుంచి, సెకనుకు 500 మెగాబైట్లు రాయగల ఎస్.ఎస్.డి. డిస్కుకు ఇది పదహారు పదిహేడు సెకన్ల పని. సెకనుకు 100 మెగాబైట్లు రాసే పాతరకపు హార్డ్ డిస్కుకు 82 సెకన్లు. తీగతో తగిలించిన బయటి డిస్కు, మరేదో పనిలో కూడా ఉండి, 20 మెగాబైట్ల వేగంతోనే రాయగలిగితే 410 సెకన్లు. అంటే ఏడు నిమిషాలకు కొద్దిగా తక్కువ. ఆ ఏడు నిమిషాలూ తెర మీద ఏ కదలికా కనిపించకపోవచ్చు. ఆత్రపడి అయిదో నిమిషంలో యంత్రాన్ని ఆపివేస్తే, చేతులారా చేసుకొన్న నష్టమే అవుతుంది.

నాడి చూడడం

కాబట్టి చికిత్సకు ముందు నాడి చూడాలి. దానికి మూడు పరీక్షలు చాలు.

మొదటిది, డిస్కు. లాప్‌టాప్‌పై డిస్కు దీపం మినుకుమినుకుమంటున్నదా? అంతకంటె నమ్మకమైన గుర్తు, కల్పిత యంత్రం ఉన్న ఫోల్డరు తెరచి, అక్కడ కొత్తగా పుట్టిన ఫైలు పరిమాణం పెరుగుతున్నదా అని చూడడం. పెరుగుతూ ఉంటే వేచి ఉండడమే మందు.

రెండవది, ప్రాసెసరు. ఆతిథేయిలోని టాస్క్ మేనేజరులో హైపర్‌వైజర్ ఎంత శ్రమిస్తున్నదో కనిపిస్తుంది. డిస్కు కదలక, ప్రాసెసరు మాత్రం ఎడతెగక తిరుగుతూ ఉంటే, అది ఏదో సుడిలో చిక్కుకొన్నదని అనుమానించవచ్చు. రెండూ నిశ్చలంగా ఉంటే, అది దేనికోసమో ఎదురుచూస్తున్నదని భావించాలి.

మూడవది, నెట్‌వర్కు. ఈ పరీక్ష నిద్రలేచిన తరువాత తెర కదలనప్పుడు ఎక్కువగా ఉపకరిస్తుంది. ఆతిథేయి నుంచి అతిథికి 'పింగ్' పంపాలి. జవాబు వస్తే అతిథి బతికే ఉన్నది; పోయింది తెర మాత్రమే. అప్పుడు ఎస్.ఎస్.హెచ్. వంటి పక్కదారిన లోపలికి వెళ్లి, పనిని పదిలపరచుకొని రావచ్చు.

కారణాల వేట

నిజంగానే బిగుసుకుపోయిందని తేలితే కారణం వెతకాలి. అనుభవంలో తరచుగా ఎదురయ్యే దోషులు అయిదారుగురే.

డిస్కులో చోటు లేకపోవడం వారిలో మొదటివాడు. 8 జి.బి. జ్ఞాపకశక్తిని భద్రపరచడానికి ఇంచుమించు అంత ఖాళీ కావాలి. పెళ్లి వీడియోలతో, సినిమాలతో నిండిపోయిన డిస్కులో అంత చోటెక్కడిది? అతిథి డిస్కు ఫైలు పెరగడానికి చోటు లేనప్పుడు కూడా కొన్ని హైపర్‌వైజర్లు అతిథిని ఉన్నచోటనే ఆపివేస్తాయి. చోటు కల్పించి 'కొనసాగించు' అంటే అది మళ్లీ నడుస్తుంది.

రెండవది, బయటి పరికరాలు. ప్రాసెసరు స్థితిని, జ్ఞాపకశక్తిని కాపీ చేయడం కష్టం కాదు. అవి అంకెలే కదా. అతిథికి అప్పగించిన నిజమైన యు.ఎస్.బి. పరికరం లోపల ఏమున్నదో హైపర్‌వైజర్‌కు తెలియదు. అతిథి పంపిన పనికి ఆ పరికరమో, దూరాన ఉన్న నెట్‌వర్కు డిస్కో బదులివ్వకపోతే, అప్పటికే పంపిన పనులు ముగిసే దాకా ఆగవలసిన హైపర్‌వైజర్ ఆగే ఉంటుంది. కనుక సస్పెండ్ చేయడానికి ముందు పెన్‌డ్రైవులను, ఫోన్లను, పంచుకొన్న ఫోల్డర్లను విడదీసి చూడాలి.

మూడవది, తెర. అతిథికి త్రీడీ గ్రాఫిక్స్ సౌకర్యం ఇచ్చినప్పుడు, దాని బొమ్మలలో కొంత భాగం అసలు గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకశక్తిలో ఉంటుంది. దానిని నిద్రకు ముందున్నట్టు మళ్లీ నిలబెట్టడం సున్నితమైన పని. లేచిన తరువాత తెర నల్లగానో కదలకనో ఉండి, పింగ్‌కు జవాబు వస్తుంటే, అనుమానం మొదట దీని మీదికే పోవాలి. అతిథిని పూర్తిగా ఆపి, త్రీడీ సౌకర్యం తొలగించి, మళ్లీ పరీక్షించడం సులభమైన ఉపాయం.

నాల్గవది, అతిథిలోని సహాయక ప్రోగ్రాములు. హైపర్‌వైజర్ కొత్తదై ఇవి పాతవిగా ఉండిపోతే, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. నిద్రకు ముందు నడిచే చిన్న ఆదేశాల పట్టీ ఒకటి మధ్యలో చిక్కుకొంటే, హైపర్‌వైజర్ దాని జవాబు కోసం కాచుకొంటుంది. అయిదవది, ఆతిథేయి మార్పు. ఒక కంప్యూటరులో నిద్రపుచ్చిన అతిథిని, వేరే రకపు ప్రాసెసరున్న మరొక కంప్యూటరులో లేపబోతే, తనకు తెలిసిన ప్రాసెసరు కనబడక అది లేవడానికి నిరాకరించవచ్చు.

ఈ వేటలో పాటించవలసిన నియమం ఒకటే: ఒక్కసారికి ఒక్క మార్పు. నాలుగు అమరికలు ఒక్కసారి మార్చి, జబ్బు నయమైతే, ఏ మందు పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. ప్రతి హైపర్‌వైజరూ తన దినచర్యను 'లాగ్' అనే ఫైలులో సమయంతో సహా రాసి ఉంచుతుంది. బిగుసుకుపోయిన క్షణానికి ముందు దానిలోని చివరి పదిపదిహేను పంక్తులు చదివితే, అది ఏ పని మొదలుపెట్టి ముగించలేకపోయిందో చాలాసార్లు తెలిసిపోతుంది. ప్రయోగాలు ఆరంభించే ముందు, వీలైతే అతిథిని సక్రమంగా ఆపి, ఆ ఫోల్డరునంతా మరొక డిస్కుకు కాపీ చేసి ఉంచుకోవడం వివేకం.

ఊర్మిళ మేలుకొన్న వేళ

సుఖంగా నిద్రపోయిన యంత్రం లేచేటప్పుడు కూడా తడబడవచ్చు. తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకొన్న 'ఊర్మిళాదేవి నిద్ర'లో, పద్నాలుగేళ్లు నిద్రించిన ఊర్మిళ, ఎదుట నిలిచిన లక్ష్మణుణ్ణే పరపురుషుడనుకొని బెదిరిపోతుంది. ఆమె దృష్టిలో కాలం నడవలేదు, లోకానికి నడిచింది. కల్పిత యంత్రం పరిస్థితీ ఇదే. నాలుగు రోజుల తరువాత లేచినా, దాని గడియారం ఆగిన క్షణాన్నే చూపుతూ ఉండవచ్చు. ఆ సమయం సరిదిద్దుకొనేలోపల అది పలకరించిన సర్వర్లు దానిని గుర్తించవు. ఉదాహరణకు, కార్యాలయాలలో వాడే కెర్బెరోస్ అనే గుర్తింపు పద్ధతి సాధారణంగా అయిదు నిమిషాలకు మించిన తేడాను సహించదు. డేటాబేసులతో పెట్టుకొన్న సంబంధాలు ఎప్పుడో తెగిపోయి ఉంటాయి. 'ప్రాసెసరు ఇన్ని సెకన్లుగా కదలలేదు' అని లినక్స్ ఫిర్యాదు చేయడమూ కద్దు. గడియారం సర్దుకొని, తెగిన సంబంధాలు మళ్లీ కలుపుకొంటే అతిథి యథాస్థితికి వస్తుంది. కొద్ది నిమిషాల ఓపికతో పోయే ఈ తడబాటును మరణమని పొరపడరాదు.

మళ్లీ ఆ గదిలోకి

న్యూ టౌన్‌లోని ఆ గదిలో, కిటికీ రెక్కలు కొట్టుకొంటుండగా, ఆ అమ్మాయి హైదరాబాదులో ఉన్న తన పాత సహోద్యోగినికి ఫోను చేసిందనుకొందాం.

"అక్కా, సస్పెండ్ చేస్తే బిగుసుకుపోయింది. ఆపేసేదా?"

"ఆగమ్మా, ఆపకు. ఆ మెషీన్ ఏ డిస్కులో పెట్టావు?"

"లాప్‌టాప్‌లో చోటు చాలక బయటి డిస్కులో పెట్టానక్కా."

"ఫోల్డరు తెరిచి చూడు. ఫైలు పెరుగుతోందా?"

ఆమె చూసింది. 4.6 జి.బి. ఉన్నది. కొన్ని క్షణాలాగి మళ్లీ చూసింది. 4.8.

"పెరుగుతోంది."

"అయితే దాన్ని ముట్టుకోకు. మూత కూడా ముయ్యకు. ఈలోగా నువ్వు కిటికీలు బిగించుకో."

మరి కొన్ని నిమిషాలకు విండో మూతపడింది. ఆ తరువాత ఆమె లాప్‌టాప్‌ను సక్రమంగా ఆపి, బయటి డిస్కు విడదీసి, రెండింటినీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అలమారు పైఅరలో పెట్టింది. ఆ రాత్రంతా గాలి వీస్తూనే ఉన్నది.

కరెంటు వచ్చిన రోజున అతిథిని లేపితే తెర నల్లగా ఉండిపోయింది. ఈసారి ఆమె కంగారుపడలేదు. పింగ్ పంపింది, జవాబు వచ్చింది. ఎస్.ఎస్.హెచ్. దారిన లోపలికి వెళ్లి, పదకొండు రోజుల పనిని ముందుగా బయటకు కాపీ చేసుకొన్నది. పిదప అతిథిని సక్రమంగా ఆపి, త్రీడీ సౌకర్యం తొలగించి, మళ్లీ నడిపింది. సస్పెండ్ చేసి చూసింది, లేచింది. మరొకసారి చేసి చూసింది, లేచింది. ఏ రోజున ఏ మార్పు చేసినదీ ఒక పుస్తకంలో రాసుకొన్నది.

ఫైలు పెరగకుండా ఉన్నట్లయితే ఆమెకు వేరే దారి లేదు. హైపర్‌వైజర్‌ను బలవంతంగా ఆపి, సగం రాసిన స్థితిని వదులుకోవాలి. అది అతిథికి కరెంటు పోయినదానితో సమానం. డిస్కు మీదికి చేరినది చాలావరకు మిగులుతుంది. నేటి ఫైల్ సిస్టమ్‌లు అటువంటి దెబ్బను తట్టుకొని లేవగలవు. జ్ఞాపకంలో మాత్రమే ఉన్నది పోతుంది. ఆ పదకొండు రోజులలో ఆమె ఎంత భాగాన్ని డిస్కు మీద భద్రపరచుకొన్నదన్న దానిపైనే అప్పుడు నష్టం ఆధారపడి ఉండేది.

సస్పెండ్ అన్నది చదువుతున్న పుస్తకంలో పెట్టుకొన్న గుర్తుకాగితం వంటిది. ఎక్కడ ఆపామో అది చెబుతుంది. పుస్తకం తడవకుండా కాపాడలేదు. మధ్యాహ్న భోజనానికి లేచేటప్పుడు అది చాలు. తుపాను హెచ్చరిక వచ్చిననాడు మాత్రం పనిని భద్రపరచి, ఒక ప్రతి వేరే చోట ఉంచి, అతిథిని, ఆ తరువాత ఆతిథేయిని సక్రమంగా ఆపివేయాలి. తీరప్రాంతపు రైతు గాలి మొదలైనాక కుప్పలు కట్టబోడు. మబ్బు చూసినప్పుడే కడతాడు.